తల్లి వైపు కాన్పులు

మాంగెరె, ఆక్లండ్
మార్చి 4

అకైతి పిన్నికి,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరికి గెంతి చదువుతావని నాకు తెలుసు. నేను కడుపుతో ఉన్నాను. పన్నెండు వారాలు నిండాయి. ఫోన్‌లో చెబుదామంటే నీ చెవుల సంగతి తెలిసిందే కదా. పోయినసారి "ఎలా ఉన్నావు" అని మూడుసార్లు అరిస్తే, "అవునే, ఇక్కడ కూడా వానే" అన్నావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా ఆయన తెరెయి రేవులో పని నుంచి వచ్చీ రాగానే నా పొట్టతో కబుర్లు మొదలుపెడుతున్నాడు. ఇంకా పొట్టే రాలేదు బాబూ అంటే వినడు.

నిన్న కాన్పుల నర్సు దగ్గరికి వెళ్ళాం. అమ్మ వెంట రాకుండా ఉంటుందా! చర్చికి పెట్టుకునే తెల్ల టోపీ పెట్టుకుని మరీ బయలుదేరింది. నర్సు కాగితాలు ముందేసుకుని ప్రశ్న మీద ప్రశ్న. మీ తల్లికి కాన్పులెన్ని, నెలలు నిండాయా, ముందుగా వచ్చినవి ఉన్నాయా అని. నేను నోరు తెరిచే లోపే అమ్మ అందుకుంది.

"రాసుకో తల్లీ. నలుగురు మగపిల్లల్ని కన్నాను. ఒక్కడూ నెల తక్కువ రాలేదు. పెద్దవాడైతే పది రోజులు ఎక్కువే ఉన్నాడు, బయటికి రారా నాయనా అని బతిమాలుకోవాల్సి వచ్చింది."

"మరి ఈమె పుట్టినప్పుడు బరువెంత?"

"దీని బరువు అడక్కు! మోసి మోసి నా నడుము విరిగింది."

నర్సు పకపకా నవ్వి, వేళ్ళ మీద లెక్కపెట్టి, అయిదు కాన్పులు, అన్నీ నెలలు నిండినవే అని రాసుకుంది. అమ్మకు అక్కచెల్లెళ్ళున్నారా అని కూడా అడిగింది. "ఒక్కతే చెల్లెలు. దానికి పిల్లల్లేరు" అంది అమ్మ. అయితే మీకు భయం లేదు, ఇరవయ్యో వారంలో స్కాను చేస్తే చాలు అని పంపేశారు.

ఎండబెట్టిన అరటిపండ్ల కట్ట ఒకటి ఎవరి చేతైనా పంపు. అదొక్కటే తినబుద్ధి అవుతోంది.

నీ తువైనే


ఇవిరువా, మంగాయియా దీవి
మార్చి 14

తువైనే తల్లీ,

నీ ఉత్తరం నిన్నటి విమానంలో వచ్చింది. తారో దుంపల మడిలో ఉన్నాను. చేతుల బురద గౌనుకి తుడుచుకుని అక్కడే చదివాను, గట్టు మీదే కూర్చుండిపోయాను. ఎంత సంతోషమో నాకు చెప్పడం రావడం లేదు. అరటిపండ్లు రెండు కట్టలు పాస్టరుగారి భార్య చేతికి ఇచ్చాను.

మీ అమ్మ చెప్పింది నిజమే. ఆమె కాన్పులన్నీ నెలలు నిండినవే. నాకు తెలియకపోవడం ఏమిటి, నాలుగింటికీ నేనే పక్కనున్నాను.

అయినా ఒకటి అడుగుతాను, నవ్వకు. కడుపు కింద బరువుగా లాగుతోందా? సాయంత్రానికి నడుము వెనక సన్నగా నొప్పి వస్తోందా? ఏమున్నా "ఇదంతా మామూలే" అనుకుని ఊరుకోకు. నర్సుతో గట్టిగా చెప్పు, ఇరవయ్యో వారం దాకా ఆగొద్దని, ఇప్పటి నుంచే పదిహేను రోజులకోసారి చూడమని. ఎందుకూ అంటే, దీవిలో మా పిన్ని ఒకతి ఉంది, వట్టి పిరికిది, దాని పోరు పడలేకపోతున్నా అని చెప్పు. నన్ను పిచ్చిదాన్నన్నా నాకేం బాధ లేదు.

నీ బడి పనిలో పసిపిల్లల్ని ఎత్తుకోవడం మానేశావా? రాయి. వెంటనే రాయి.

అకైతి పిన్ని


మాంగెరె
మార్చి 25

పిన్నీ,

నీ ఉత్తరంతో ఇంట్లో పెద్ద గొడవైపోయింది. మన ఇంటి అలవాటు తెలుసుగా, దీవి నుంచి ఉత్తరం వస్తే భోజనాలయ్యాక అందరి ముందూ అమ్మ పైకి చదవాల్సిందే. నీ బురద చేతుల దగ్గర అందరం నవ్వాం. కాన్పుల దగ్గరికి వచ్చేసరికి అమ్మ గొంతు ఆగిపోయింది. మిగతాది లోపల చదువుకుని కాగితం మడిచేసింది.

"దానికేం పని లేదు! కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని బెదిరిస్తుందా?" అంటూ లేచిపోయింది. తర్వాత గంటసేపు వంటింట్లో గిన్నెల మోతే. మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఏమైంది పిన్నీ?

మిగతా ఉత్తరం అమ్మ దిండు కింద నుంచి తీసి చదివాను. నాలుగింటికీ పక్కనున్నానని రాశావు. మేం అయిదుగురం కదా! నా కాన్పుకి ఎక్కడికి పోయావు, చేపలు పట్టడానికా?

నాతో పనిచేసే లోసా కూడా కడుపుతోనే ఉంది. వాళ్ళమ్మకీ అక్కకీ ఏడో నెలలోనే కాన్పులు వచ్చేశాయట. అందుకని దాన్ని వేరే డాక్టరు దగ్గరికి పంపారు. పదహారో వారం నుంచి గర్భసంచి మెడ కొలుస్తారట, పొట్టిదవుతోందని తెలిస్తే మందో కుట్టో వేస్తారట. ఇది తల్లి వైపు నుంచి దిగుతుందని దానికి చెప్పారు. నాకా బాధ లేదులే అనుకున్నాను. కానీ నువ్వు అడిగినట్టే సాయంత్రానికి కడుపు కింద బరువుగా ఉంటోంది. నువ్వు రాయకముందు నుంచే ఉంది. అది నీకెలా తెలిసింది?

నా దగ్గర ఏదో దాస్తున్నావు. నాకిప్పుడు పదిహేను వారాలు. ఇంటికి రాస్తే అమ్మ చదువుతుంది కాబట్టి బడికి రాయి. కింద చిరునామా పెట్టాను. నీళ్ళు నమలకుండా రాయి.

తువైనే


ఇవిరువా
ఏప్రిల్ 3

తువైనే,

ఇది చదివేటప్పుడు కూర్చుని ఉండు. పక్కన లోసా ఉంటే ఇంకా మంచిది.

నాకు పిల్లలు లేరన్నది అబద్ధం. ముగ్గుర్ని కన్నాను. మొదటివాడు అయిదో నెలలో వచ్చాడు, ఊపిరి తీయలేదు. రెండోవాడు ఆరో నెల దాటాక వచ్చాడు, ఒక పూట ఉన్నాడు. ఇద్దరూ చర్చి వెనకాల, మీ అమ్మమ్మ పక్కన ఉన్నారు. మూడోది నువ్వు.

మూడోసారి నిలిచిందని తెలియగానే పెద్ద దీవి రరోటోంగాలో ఆసుపత్రి పక్కనే ఉండమని పంపారు. మీ అమ్మ, తెపైరు అక్కే, నాకు తోడొచ్చింది. ఏడున్నర నెలలకే వచ్చేశావు. కేజీ ఎనిమిది వందలు. నా చీటీ గౌనుకున్న జేబులో పట్టేట్టున్నావు. నాకు ఎత్తుకోవడానికే భయమేసింది. మీ అమ్మమ్మ దీవి నుంచి వచ్చి చూసి, "ఇది నీ చేతిలో నిలవదే. పెద్దదానికిచ్చెయ్, దాని చేతిలో పిల్లలు బతుకుతారు" అంది. నాకూ అదే నిజమనిపించింది. నా కడుపునే నేను నమ్మలేకపోయాను.

బిడ్డను చుట్టాలింట అంగాయిగా పెంచుకోవడానికి ఇవ్వడం మన దగ్గర వింత కాదు. ఏ ఇంట్లో చూసినా అలా పెరిగినవాళ్ళు ఒకరుంటారు, వాళ్ళని కన్నదెవరో వాళ్ళకీ తెలుసు. కానీ అక్క అంతకుముందే ఒక ఆడపిల్లను అలా పెంచింది. మా బావగారి చెల్లెలి కూతురు. ఆరేళ్ళు పెంచాక కన్నవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అక్క వారం రోజులు అన్నం ముట్టలేదు. అందుకే నిన్ను తీసుకునేటప్పుడు నాతో బైబిలు మీద చేయి వేయించింది. "అంగాయి అన్న మాట నా చెవిన పడకూడదు. ఇది నా కూతురు. నువ్వు పిన్నివి. చచ్చేదాకా అంతే" అంది. నేను ఒప్పుకున్నాను. ఏడాది తిరక్కుండా నిన్ను తీసుకుని ఆక్లండ్ వెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే చెప్పాల్సింది. అక్కకిచ్చిన మాట గుర్తొచ్చి ఆ ముక్క వదిలేసి పంపాను. లోసాకి కొలుస్తున్నారని నువ్వు రాశాక నాకు నిద్ర లేదు. ఆ నర్సు కాగితం మీద ఉన్నవి నీ కాన్పుకి పనికొచ్చే లెక్కలు కావు తల్లీ. నువ్వు నా కడుపులోంచి వచ్చావు, అది నీకూ వచ్చిందేమోనని నా భయం. లేకపోతే ఈ జన్మకి నీకు చెప్పేదాన్ని కాదు.

నావల్లే అలా అయ్యిందని ఊరంతా అన్నారు. కడుపుతో ఉండి కూడా వాన వెలిసిన పొద్దున గవ్వలు ఏరడానికి ఆ మొనదేలిన బండల మీదికి ఎక్కేదాన్ని, వద్దన్నా వినలేదు. దండలు గుచ్చడం నా పని, ఎలా మానను? అందుకే పిల్లలు జారిపోయారని మీ అమ్మమ్మ పోయేదాకా అంటూనే ఉంది.

నన్ను తిట్టుకో. అమ్మను ఏమీ అనకు. కానీ ముందు డాక్టరు దగ్గరికి పరిగెత్తు. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే పో.

అకైతి


ఇవిరువా
ఏప్రిల్ 24

తువైనే,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. గాలివాన పట్టి తొమ్మిది రోజులు విమానం రాలేదు. వచ్చిన రోజు నేనే ముందు వెళ్ళి నిలబడ్డాను. ఉత్తరాల సంచీ అంతా వెతికించాను.

ఉండబట్టలేక ఒనెరోవా ఊళ్ళో ఉన్న నర్సు దగ్గరికి వెళ్ళి మీ బడికి ఫోన్ చేయించాను. ఎందుకు, ఏమిటి అని ఆమె అడిగితే అంతా చెప్పేశాను. ఆవిడ నోట్లో మాట నిలవదు, సాయంత్రానికి దీవిలోని మూడు ఊళ్ళూ చెప్పుకున్నాయి. చెప్పుకోనీ. బడివాళ్ళు నువ్వు సెలవులో ఉన్నావన్నారట, ఆసుపత్రిలో చేర్చారన్నారట. అంతకుమించి వాళ్ళకి తెలియదట.

నా మీద కోపముంటే ఉండనీ. బిడ్డ ఉందా లేదా, ఆ ఒక్క మాట రాయి.


మాంగెరె
ఏప్రిల్ 29

అకైతిగారికి,

బిడ్డ ఉంది. ఇవాళ్టికి ఇరవై వారాలు.

మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు రాసిన పిలుపు కూడా నాకు నచ్చలేదు, కొట్టేయడానికి ఓపిక లేదు.

మీ ఉత్తరం బడి వంటగదిలో చదివాను. చదివి పాల గ్లాసులు అన్నీ కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. లోసా వచ్చి కుళాయి కట్టేసింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఉత్తరం అమ్మ ముందు పెట్టి, "అందరి ముందూ పైకి చదువు" అన్నాను. ఆమె చదవలేదు. దస్తూరీ చూసి మొహం తిప్పుకుంది.

"అబద్ధం చెప్పావు కదా" అన్నాను.

"నేను అబద్ధం చెప్పలేదు. తల్లి కాన్పులు అడిగింది నర్సు, నావి చెప్పాను."

"నాకు తల్లివెలా అయ్యావని అడగలేదు కాబట్టి బతికిపోయావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడు నేను డాక్టరు దగ్గరికి బయలుదేరితే కారులో వెనక సీట్లో వచ్చి కూర్చుంది. టోపీ లేదు. నర్సు మళ్ళీ అదే కాగితం తీసింది. అమ్మ చేయి చాపి "ఇలా తే" అని నర్సు చేతిలోంచి కలం లాక్కుంది. తను చెప్పినవన్నీ తనే అడ్డంగా కొట్టేసి, పక్కన మీ పేరు రాసి, మీ మూడు కాన్పుల నెలలూ వరసగా రాసింది. అన్నీ గుర్తున్నాయి ఆమెకి, నా బరువు గ్రాములతో సహా. రాసి కలం కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజే కొలిచారు. మెడ సగానికి సగం పొట్టిదైపోయింది, లోపలి వైపు తెరుచుకోవడం కూడా మొదలైంది. నన్ను ఇంటికి పంపలేదు. రెండో రోజు కుట్టు వేశారు. ఇరవయ్యో వారం దాకా ఆగి ఉంటే వేయడానికి ఏమీ మిగిలేది కాదేమో అంది డాక్టరు. నేను అడిగితేనే చెప్పింది, తనంతట తను భయపెట్టలేదు.

ఇంకో మాట కూడా అడిగాను, మీ కోసం. గవ్వల కోసం బండలెక్కితే ఇలా అవుతుందా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. కాన్పు ఎప్పుడు రావాలన్నది కొంత వంశంలోనే ఉంటుందట. ఏదో ఒక్క జన్యువు చేసే పని కాదట, చిన్నచిన్నవి బోలెడు కలిస్తే ఇలా మొగ్గుతుందట, అందులో తల్లి వైపుదే ఎక్కువ పాలట. ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకరికి రావచ్చు, ఒకరికి రాకపోవచ్చు. ఉన్నవాళ్ళందరికీ జరిగి తీరుతుందనీ కాదు, ముందే కనిపెట్టుకుని ఉండాలి, అంతే. "మీ పిన్నిగారు బండలెక్కకపోయినా ఆ పిల్లలు ముందే వచ్చేవాళ్ళు" అంది.

నాకు మీ మీద కోపం పోలేదు. అమ్మ మీద కూడా పోలేదు. ఆమె నాతో మాట్లాడడం లేదు, కానీ రోజుకు మూడు పూటలా తినిపించి పోతోంది. కాళ్ళు కిందపెట్టనివ్వడం లేదు.

తువైనే


ఇవిరువా
మే 10

తువైనే,

ఏమని పిలుస్తావో నీ ఇష్టం. అసలు పిలవకపోయినా ఫరవాలేదు, బిడ్డ ఉంది అని రాశావు, అది చాలు.

బండల మాట చదివి చాలాసేపు ఏడ్చాను. నీ ఉత్తరం పట్టుకుని చర్చి వెనక్కి వెళ్ళి నా పిల్లలిద్దరి దగ్గర కూర్చున్నాను. నువ్వు బాబాయి అనుకున్న మా ఆయన తంగి సమాధి పక్కనే ఉంది, ఆయనకీ చదివి వినిపించాను. బతికుండగా ఒక్కనాడూ నన్ను అనలేదు గానీ, గవ్వలు ఏరడానికి వెళ్తుంటే మొహం తిప్పుకునేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పుడు నా ముందుకొచ్చి, అప్పుడలా అన్నాం, ఏమీ అనుకోకు అంటున్నారు. ఏమనుకోను? నేనే నమ్మాను కదా ఇన్నేళ్ళూ.

అక్క మూడుపూటలా తినిపిస్తోందంటే ఆమె నీ మీద అలగలేదు. ఆమెకి కోపం నా మీద. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మాట తప్పాను, ఆమె అన్న ప్రతిదానికీ నేను తగినదాన్నే.

ఒక్కటే అడుగుతాను. అమ్మ అన్న పిలుపు ఆమెకే ఉంచు. నాకు దాని మీద ఆశ లేదు. ఆశ లేదని రాయడం అబద్ధమే, అయినా ఆమెకే ఉంచు.

కుట్టు సంగతి వారం వారం రాయి.

అకైతి


ఆక్లండ్, ఆసుపత్రి
జులై 31

పిన్నీ,

కోపంతో రోజులు లెక్కపెట్టడం కష్టమని తెలిసింది, అందుకే పాత పిలుపే వాడుతున్నాను. వారం వారం రాయలేదు, మూడు నెలలుగా మంచం మీదే ఉన్నాను. రాస్తే ఏదో అయిపోతుందని భయమేసింది.

ముప్ఫై మూడు వారాలు దాటాయి. నిన్న పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం సూదిమందు ఇచ్చారు, రేపు ఇంకోటి. ఆ మందు పనిచేయడానికి రెండు రోజులు పడుతుందట, ఆ రెండు రోజులూ ఆగాలని అందరం చూస్తున్నాం. తెరెయి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తోంది, మధ్యలో ఆపి "నీ పిన్నికి కూడా ఇలాగే ఉండేది" అంది. మూడు నెలల్లో నీ సంగతి ఆమె ఎత్తడం ఇదే మొదటిసారి.

రెండోవాడు ఆరో నెల దాటగానే వచ్చినప్పుడు ఇదంతా ఎలా భరించావు పిన్నీ? నాకు చాలా భయంగా ఉంది.

తువైనే


ఆక్లండ్
ఆగస్టు 8

అకైతీ,

నేను రాత మనిషిని కానని నీకు తెలుసు. ఈ ఉత్తరం తెరెయి రాస్తానన్నాడు, వద్దన్నాను.

ఆడపిల్ల. మూడో తారీఖున పుట్టింది. ముప్ఫై నాలుగు వారాలైనా పూర్తిగా నిండలేదు. రెండు కేజీల మీద యాభై గ్రాములు. సూదిమందుకి కావాల్సినంత టైము దొరికింది. మొదటి రెండు రోజులు ఊపిరికి గొట్టం పెట్టారు, ఇప్పుడు తీసేశారు. రేపటి నుంచి పాలు నోటితో పడతారట. డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసి, ఆ కుట్టు లేకపోతే ఏప్రిల్‌లోనే అయిపోయేదమ్మా అంది. నా చెవులతో విన్నాను.

నువ్వు మాట తప్పావని తెలిసిన రోజు, ఇక నీ మొహం చూడనని ఒట్టేసుకున్నాను. నా కూతుర్ని నా దగ్గర్నుంచి లాక్కుపోవడానికే రాశావనుకున్నాను. ఆ ఉత్తరం తువైనే నా ముందు పెట్టినప్పుడు నాకు వినబడింది అదొక్కటే, కడుపులో బిడ్డ సంగతి వినబడలేదు. కాన్పుల మాట అడిగిన రోజున నేను నిజం మింగేశానే అకైతీ. నీ ముగ్గురు పిల్లల సంగతీ నాకు తెలుసు, ఇద్దర్ని నా చేతులతోనే గుడ్డలో చుట్టాను. అయినా చెల్లెలికి పిల్లల్లేరు అన్నాను. టోపీ పెట్టుకుని మరీ అన్నాను. ఆ మాట తల్చుకుంటే నాకు అన్నం లోపలికి పోవడం లేదు. నువ్వు కూడా నాలాగే మాట మీద నిలబడి ఉంటే ఏమయ్యేదో అది నేను రాయను.

గాజుపెట్టెలో ఉన్న పిల్ల దగ్గరికి తల్లీతండ్రీ కాక ఇంకో ఇద్దర్నే రానిస్తారు. పేర్లు ముందే రాయించాలి. నా పేరు రాయించాను. రెండో పేరు ఎవరిదని నర్సు అడిగితే నీది చెప్పాను. చుట్టరికం ఏమిటంది. అమ్మమ్మ అన్నాను. మరి మీరో అంది. నేనూ అమ్మమ్మనే, రాసుకో తల్లీ, రెండూ రాసుకో అన్నాను. రాసుకుంది.

పాస్టరుగారితో మాట్లాడాను, సోమవారం విమానంలో నీకు చోటు ఉంచుతారు. చలి ఎక్కువగా ఉంది, దళసరి గౌన్లు తెచ్చుకో. తారో తేవద్దు, విమానాశ్రయంలో లాక్కుంటారు.

ఈ కింది మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నీ కూతురు నిన్ను రమ్మంటోంది.

తెపైరు